కుందేలుకి ఆపరేషన్: డాక్టర్ని ముందు అడగాల్సిన రెండు మాటలు

శ్రీకాకుళం నుంచి రాశారు కదా. ఇంట్లో రెండు కుందేళ్లు, మగదానికి ఐదు నెలలు, ఆడదానికి నాలుగు దాటాయి. మగది పరుపు మీదా సోఫా మీదా పోస్తోంది, రోజంతా రెండోదాని వెంటే తిరుగుతోంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిద్దామంటే దగ్గర్లోని డాక్టరు గారు "తెచ్చేయండి, పావుగంట పని" అన్నారు. మీ స్నేహితుడేమో విశాఖ తప్ప ఇంకెక్కడా వద్దంటున్నాడు. కుందేళ్ల మీద నిజంగా చెయ్యి తిరిగిన డాక్టరెవరో మనకెలా తెలుస్తుంది? ఇదీ మీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను. ఫోన్ చేసి రెండు మాటలు అడగండి. ఈ ఏడాదిలో ఎన్ని కుందేళ్లకు ఈ ఆపరేషన్ చేశారు? ముందు రోజు రాత్రి మేత ఆపాలా? మొదటిదానికి అంకె రావాలి. రెండోదానికి "అస్సలు ఆపొద్దు" అని రావాలి. "చాలా చేశామండి" అన్నది అంకె కాదు. "రాత్రి తొమ్మిది తర్వాత ఏమీ పెట్టకండి, ఖాళీ కడుపుతో తీసుకురండి" అన్నారంటే మర్యాదగా సరేనని ఫోన్ పెట్టేయండి. కుక్కలకు ఎంత పేరున్న డాక్టరైనా సరే. మీ ఊరా విశాఖా అన్నది ఆ తర్వాతి సంగతి.

డాక్టరు సంగతి తేలేలోపు చేయాల్సిన పని ఇంకొకటుంది. ఈ రాత్రికే రెండింటినీ విడదీయండి. ఒకటి గదిలో, ఒకటి వరండాలో. మగదానికి పది పన్నెండు వారాలకే వృషణాలు దిగుతాయి, నాలుగు నెలలకు పని మొదలెడుతుంది. ఆడదానికి నాలుగు నెలలు దాటాయంటున్నారు కాబట్టి ఇప్పటికే కట్టి ఉండొచ్చు. కుందేలు మోసేది 30, 31 రోజులే. ఈన్న రోజే మళ్లీ కట్టగలదు కూడా. ఇంకో మాట, అమ్మినవాడు చెప్పిన మగా ఆడా లెక్క నమ్మకండి. "ఇద్దరూ అన్నదమ్ములే అక్కా" అని మా ఇంట్లో వదిలివెళ్లిన జంటలో ఒక అన్నయ్య మూడు వారాలకు బొచ్చు పీక్కుని గూడు కట్టాడు. ఏది మగో ఏది ఆడో డాక్టరు చేతే చూపించుకోండి. ఆ చూసే తీరులోనే ఆయన అనుభవం సగం తెలిసిపోతుంది.

నా గురించి రెండు ముక్కలు. నేను డాక్టర్ని కాను. విజయనగరంలో 12 ఏళ్లుగా కుందేళ్లు పెంచుతున్నాను. సొంతవి రెండే, మిగతావన్నీ ఎవరో కొనుక్కుని విసిగిపోయి వదిలేసినవి. ఇప్పటిదాకా తొమ్మిదింటికి ఆపరేషన్ చేయించాను, ఆరు మగవి, మూడు ఆడవి. ఎనిమిది బతికాయి. పోయినదాని పేరు రవ్వ.

రవ్వ సంగతి చెప్తే పై రెండు ప్రశ్నలూ ఎక్కడినుంచి వచ్చాయో మీకే అర్థమవుతుంది. అది నా మొదటి ఆపరేషన్. ఏ ఊరు, ఏ క్లినిక్ అన్నది వదిలేయండి. బోర్డు పెద్దది, లోపల ఏసీ, గోడ నిండా కుక్కల ఫొటోలు. ముందు రోజు సాయంత్రం నుంచి ఏమీ పెట్టొద్దన్నారు, పెట్టలేదు. రాత్రంతా అది గిన్నె పట్టుకుని కడ్డీలకేసి కొడుతూనే ఉంది. మా ఆయన లేచి "ఒక్క కొత్తిమీర కాడ ఇస్తే ఏమవుతుంది" అంటే నేనే కోప్పడ్డాను. ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంత్రానికి లేచి కూర్చుంది, ఇంటికి తెచ్చుకున్నాం. నొప్పికి మందు రాశారా అని నేను అడగలేదు, వాళ్లు రాయలేదు. మర్నాడు ఒక మూలన ముడుచుకుని కూర్చుని కళ్లు సగం మూసుకుంది. దగ్గరికి వెళ్తే సన్నగా కరకరమని చప్పుడు. పళ్లు నూరుతోంది. అది నొప్పికని తెలియక నేను హాయిగా ఉందనుకున్నాను. ట్రేలో పెంటికలు నాలుగే ఉన్నాయి, ఆవగింజ కంటే కాస్త పెద్దవి. ఫోన్ చేస్తే "మత్తు కదమ్మా, రెండ్రోజులు తినదు" అన్నారు. మూడో రోజు తెల్లవారుజామున పోయింది.

కుట్టు చక్కగా ఉంది. ఆ డాక్టరుకి కత్తి చేతకాక కాదు, కుందేలు కడుపు తెలియక.

అందుకే మేత ప్రశ్న. మత్తులో వాంతి చేసుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుందని కుక్కకీ పిల్లికీ కడుపు మాడుస్తారు. కుందేలు వాంతి చేసుకోలేదు, దాని కడుపు నిర్మాణమే అలాంటిది. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. రాత్రంతా మాడ్చి, మత్తిచ్చి, నొప్పితో వదిలేస్తే పేగు నిలిచిపోతుంది. గ్యాస్ పట్టి, తినక, తినకపోయేసరికి ఇంకా నిలిచిపోయి, ఆ సుడిలో రెండు మూడు రోజుల్లో పోతుంది. తెలిసిన డాక్టర్లు మత్తుకి కాసేపటి ముందు దాకా గడ్డి ఉంచమంటారు. నోట్లో ముక్కలు ఉండకూడదని చివర్లో కాసేపు ఆపుతారు, అంతే. ఇంకా బాగా తెలిసినవాళ్లు "దానికిష్టమైన ఆకు కట్టతో తీసుకురండి, లేవగానే పెడదాం" అంటారు. ఈ మాట ఎవరి నోట విన్నా నాకు ప్రాణం లేచొస్తుంది.

మత్తు విషయంలో మీరు భయపడటంలో తప్పు లేదు, కొంచెం భయం ఉండాలి కూడా. బ్రిటన్‌లో 2002 నుంచి 2004 దాకా వేల జంతువుల మీద లెక్క తీశారు. మత్తు ఇచ్చిన 48 గంటల్లోపు చనిపోయినవి కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24, కుందేళ్లలో 1.39. అంటే కుక్కల్లో దాదాపు 600కి ఒకటైతే కుందేళ్లలో 72కి ఒకటి. ఇందులో జబ్బుతో వచ్చినవీ ఉన్నాయి, ఆరోగ్యంగా ఉన్నవాటి వరకే చూస్తే 0.73 శాతం. గమనించాల్సింది ఏంటంటే, పోయిన కుందేళ్లలో సగానికి పైగా బల్ల మీద పోలేదు, ఆపరేషన్ అయిపోయాక పోయాయి. మా రవ్వ లాగే.

ఫోన్లో ఆ రెండూ సరిగ్గా చెప్పాక, ఒకసారి కుందేల్ని ఊరికే చూపించడానికి తీసుకెళ్లండి. ఫీజు కట్టి చూపించుకోండి, దీన్ని దండగనుకోకండి. ఆయన దాన్ని ఎలా ఎత్తుతారో చూడండి. చెవులు పట్టుకుని లేపారంటే అక్కడికే లేచి వచ్చేయండి. వెనక కాళ్ల కింద ఒక అరచెయ్యి, ఛాతీ కింద రెండో చెయ్యి, ఒంటికి ఆనించుకుని ఎత్తాలి. గాల్లో కాళ్లు వేలాడితే కుందేలు ఒక్క తాపు తన్నుకుంటుంది, ఆ తాపుకి దాని నడుమే విరగొచ్చు. ఇప్పుడు నేను వెళ్లే డాక్టరమ్మ అయితే నున్నటి బల్ల మీద ముందు ఒక పాత తువ్వాలు పరుస్తుంది, కాళ్లు జారకుండా. ఆ తువ్వాలు చూసే నేను సగం నమ్మేశాను. తర్వాత గ్రాముల్లో తూకం వేసింది, ముందు పళ్లూ దవడ పళ్లూ చూసింది, ముక్కు దగ్గర తడి ఉందేమో ముందు కాళ్ల లోపలి బొచ్చు చూసింది. కుందేలు ముక్కుతోనే గాలి పీలుస్తుంది, నోటితో పీల్చే అలవాటు లేదు. జలుబుంటే మత్తు వాయిదా వేయాల్సిందే. అది కాళ్లతోనే ముక్కు తుడుచుకుంటుంది కాబట్టి ఆ బొచ్చు అట్టకట్టి ఉంటుంది.

అక్కడ అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. పరీక్ష పెడుతున్నట్టు కాకుండా, భయంగా ఉందండీ అని అడగండి, మంచి డాక్టర్లు విసుక్కోరు.

మత్తు దేంతో ఇస్తారు? ఐసోఫ్లురేన్ గ్యాస్ ఉంటే మేలు, ఎక్కువ తక్కువలు వెంటనే సరిచేయొచ్చు, త్వరగా దిగుతుంది. మన జిల్లాల్లో అన్నిచోట్లా ఆ మెషీన్ ఉండదు. కెటమిన్‌తో జైలజిన్ లాంటిది కలిపి సూది మత్తుతో చేసేవాళ్లూ ఉన్నారు, అదే తప్పని నేననను. నావి మొదట్లో రెండు మగవి అలాగే అయ్యాయి. కానీ అప్పుడు కూడా ఆక్సిజన్ పెడతారా, ఒళ్లు చల్లబడకుండా కింద వెచ్చగా ఏం వేస్తారు, గుండె చప్పుడు ఎవరు చూస్తూ ఉంటారు అన్నవి అడగాలి. కత్తి పట్టినాయనే గుండె కూడా చూస్తానంటే కుదరదు, రెండో మనిషి ఉండాలి. మత్తుకి ముందు, గుండె నెమ్మదించకుండా ఇచ్చే అట్రోపిన్ మాట వస్తే చెవి ఒగ్గి వినండి. చాలా కుందేళ్ల రక్తంలో ఆ మందుని ఇట్టే విరిచేసే ఎంజైమ్ ఉంటుంది, అందుకని తెలిసినవాళ్లు గ్లైకోపైరోలేట్ వాడతారు. ఇది మనం చెప్పాల్సిన పని కాదు, వాళ్లంతట వాళ్లే చెప్తే మాత్రం మనసు కుదుటపడుతుంది.

నొప్పికి ఏమిస్తారు, ఇంటికి ఎన్ని రోజులకు ఇస్తారు? "కుందేలుకి నొప్పి అంతగా తెలీదండీ" అన్న మాట నేను చెవులారా విన్నాను. తెలుస్తుంది, చెప్పుకోదు. వేటాడబడే జంతువు నొప్పి బయటపెట్టదు. మామూలుగా మెలోక్సికామ్ చుక్కలు ఇంటికి ఇస్తారు. మోతాదు డాక్టరే చెప్పాలి. ఇంట్లో కుక్క కోసం తెచ్చిన సీసా ఉంది కదాని లెక్కేసుకుని పోయకండి.

యాంటీబయాటిక్ ఏది? ఇక్కడ గట్టిగా ఉండండి. నోటి ద్వారా అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్, క్లిండమైసిన్, లింకోమైసిన్, వీటిలో ఏది రాసినా తీసుకోకండి. కుందేలు పేగులోని మంచి సూక్ష్మజీవుల్ని చంపేస్తాయి, చెడ్డవి పెరిగి విషం పుడుతుంది, ప్రాణం పోతుంది. పశువుల ఆసుపత్రుల్లో రోజూ చేతికందే మందులే కాబట్టి అలవాటుగా రాసేస్తారు. ఎన్రోఫ్లాక్సాసిన్ లాంటివి కుందేళ్లకు వాడతారు. అలాగే పేలకీ పిడుదులకీ కుక్కల మెడ మీద పోసే ఫిప్రోనిల్ కుందేలుకి పనికిరాదు. అది పోద్దామన్న డాక్టరుకి కుందేళ్ల అలవాటు లేదనే అర్థం.

మగదాని ఆపరేషన్ చిన్నదే, కానీ ఒక మెలిక ఉంది. వృషణాలు కడుపులోంచి దిగే దారి కుందేలుకి జీవితాంతం తెరుచుకునే ఉంటుంది. భయపడితే వాటిని పైకి లాగేసుకుంటుంది కూడా, అందుకే కొంతమంది వెతికి వెతికి ఇది ఆడదే అనేస్తారు. ఆ దారిని మూయకుండా వదిలేస్తే పేగు కిందికి జారొచ్చు. "ఆ దారి ఎలా మూస్తారండీ?" అని అడిగితే, చేసినవాళ్లు బొమ్మ గీసి మరీ చెప్తారు. చేయనివాళ్లు "అవన్నీ మేం చూసుకుంటాం" అంటారు. గొర్రెపోతులకీ ఎద్దులకీ విత్తులు కొట్టేవాళ్లు "దీనికేటమ్మా, బర్డిజోతో రెండు నిమిషాలు" అంటారు, మాకూ ఒకాయన అన్నాడు. బర్డిజో అంటే కోయకుండా పైనుంచే నొక్కేసే పెద్ద పట్కారు. కాఫీ ఇచ్చి పంపించేశాం.

ఆడదాని సంగతి వేరు. పొట్ట కోయాలి, గర్భసంచీ అండాశయాలూ తీయాలి. కుందేలు గర్భసంచికి రెండు కొమ్ములు విడివిడిగా, రెండు ముఖద్వారాలు, చుట్టూ కొవ్వు. పిల్లి అలవాటుతో చేస్తే కుదరదు. అయినా మానేయమని చెప్పను. నాలుగేళ్లు దాటిన ఆడ కుందేళ్లలో గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువ, కొన్ని జాతుల్లో సగానికి పైగా వస్తుందని తేలింది. కాబట్టి చేయించండి, కానీ ఇద్దరికీ ఒకే రోజు వద్దు, మగదానితో మొదలుపెట్టండి. ఆ డాక్టరు చేతిలో మగది ఎలా కోలుకుందో చూశాక, ఆడదానికి ఆరు నెలలు నిండనిచ్చి, అది కట్టలేదని తేల్చుకుని అప్పుడు వెళ్లండి. మగదానికి పదిమంది డాక్టర్లు దొరికితే ఆడదానికి ఇద్దరు దొరుకుతారు. మగదాన్ని మీ ఊళ్లో, ఆడదాన్ని విశాఖలో చేయించినా తప్పేం లేదు.

ఎక్కడ వెతకాలి అంటారా, మొదట మీ ఊళ్లో ప్రభుత్వ పశువుల ఆసుపత్రి డాక్టరు గారినే అడగండి. "మీరు చేస్తారా" అని కాదు, "మీ ఇంట్లో కుందేలుంటే ఎవరి దగ్గరికి తీసుకెళ్తారు" అని. గేదెలతో, మేకలతో ఊపిరాడని మనుషులు వాళ్లు, నిజాయితీగా పేరు చెప్పేస్తారు. నాకు ఇప్పటి డాక్టరమ్మ పేరు అలా దొరికిందే. తర్వాత గరివిడి పశువైద్య కళాశాల. అది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. మీకు ఆమదాలవలస నుంచి విశాఖ వెళ్లే రైలు దారిలోనే, చీపురుపల్లి పక్కన. అక్కడ శస్త్రచికిత్స విభాగం వాళ్లను కలిసి కుందేళ్ల సంగతి అడగండి. వాళ్ల దగ్గర చదివి బయట ప్రాక్టీసు పెట్టిన వాళ్ల పేర్లైనా తెలుస్తాయి. ఆ తర్వాత విశాఖ. డిగ్రీ చూసేటప్పుడు పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ ఉందా, రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉందా అన్నది కనీసం. సర్జరీలో ఆపై చదువు ఎంవీఎస్సీ ఉంటే సంతోషం, కానీ ఎంవీఎస్సీ చేసి ఒక్క కుందేల్నీ ముట్టనివాళ్లు ఉన్నారు, అదేం లేకుండా నెలకి నాలుగు చేసేవాళ్లూ ఉన్నారు. నేను రెండోవాళ్ల దగ్గరికే వెళ్తాను. ఆన్‌లైన్ రేటింగ్ స్టార్లు చూడకండి, అవన్నీ కుక్కపిల్లల టీకాలవి.

ఖర్చు గురించి అడిగారు. రేటు ఊరూరికీ, డాక్టరు డాక్టరుకీ మారుతుంది, అంకె చెప్తే మీకు ఉపయోగపడదు. ముందు చెప్పే మొత్తంలో నొప్పి మందు, మళ్లీ చూపించుకోవడం, అవసరమైతే రాత్రి ఉంచుకోవడం కలిసి ఉన్నాయో లేదో మాత్రం తేల్చుకోండి.

శ్రీకాకుళం నుంచి విశాఖ 100 కిలోమీటర్లు దాటుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే అసలు పెట్టుకోకండి. మన ఎండకి, మన ఉక్కకి కుందేలు మామూలుగానే తట్టుకోలేదు, 30 డిగ్రీలు దాటితే దానికి కష్టమే. తెల్లారగట్ల బయల్దేరండి. బుట్టలో అది రోజూ పడుకునే గుడ్డ, నిండా గడ్డి వేయండి. రెండు కుందేళ్లకూ స్నేహం ఉంటే తోడు తీసుకెళ్తారు గానీ మీ కేసులో వద్దు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆటో ఆయన బుట్టలోకి తొంగిచూసి "ఏటి మేడం, కుందేలుకీ ఫ్యామిలీ ప్లానింగా" అని దారంతా నవ్వుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు మాత్రం కుదుపు లేకుండా మెల్లగా ఆపాడు.

ఆ రోజు రాత్రే అసలు పరీక్ష. నిద్ర లేచి, నిలబడి, ఏదో ఒకటి కొరికాకే ఇంటికి తెచ్చుకోండి. అలా అయ్యేదాకా ఉంచుకుంటామని డాక్టరే అంటే అది మంచి గుర్తు. ఇంటికొచ్చాక గరిక, కొత్తిమీర, ముల్లంగాకు ముక్కు దగ్గర పెట్టండి. వరిగడ్డి పరుపుకి బాగుంటుంది, మేతకి సత్తువ లేదు. ట్రేలో పాత పేపరు వేసి పెంటికలు లెక్కపెట్టండి, నవ్వకండి, నేను ఇప్పటికీ లెక్కపెడతాను. 12 గంటలు దాటినా తినకపోయినా, పెంటికలు లేకపోయినా అర్ధరాత్రైనా ఫోన్ చేయాలి. ఆ ఫోన్ ఎవరెత్తుతారో ఆపరేషన్‌కి ముందే అడిగి పెట్టుకోండి. కుట్లు లోపలే కరిగిపోయేవి, బయటికి కనపడనివి వేయమనండి, బయటివైతే కొరికేస్తుంది. మెడకి ప్లాస్టిక్ గరాటు వేస్తే దాని మెత్తటి పెంటికల్ని అది నోటితో అందుకోలేదు, అవి తినడం దానికి అవసరం. అందుకని తప్పనిసరైతేనే గరాటు.

చివరగా మగదాని విషయంలో అందరూ పొరపడేది ఒకటుంది. ఆపరేషన్ అయిన మర్నాడే అది పనికిరాకుండా పోదు. లోపల మిగిలినదానితో నాలుగు నుంచి ఆరు వారాల దాకా పిల్లల్ని పుట్టించగలదు. మా వీధి చివర వాళ్లు రెండు వారాలకే, "పాపం ఒంటరిగా ఉంది" అని ఆడదాని దగ్గర వదిలారు. నెల తిరిగేసరికి ఐదు పిల్లలు. రెండు మా ఇంటికే వచ్చాయి. ఒకటి ఇప్పుడు, నేనిది రాస్తుంటే, ఛార్జరు వైరు దగ్గర చేరింది. ఉండండి, లేవాలి. మీ డాక్టరు గారు ఆ రెండు ప్రశ్నలకీ ఏమన్నారో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను.